మీ స్థలం మారుతుంది, మీరూ మారతారు: ఇంటి ట్రాక్టర్‌ను ఏళ్ల లెక్కన ఎంచుకోవడం ఎలా

ఇంటి చుట్టూ 3 ఎకరాలున్న చోటికి మేం మారి 18 ఏళ్లయింది. ఈ 18 ఏళ్లలో ఇప్పుడున్నది మూడో ట్రాక్టర్. ముందు రెండూ చెడిపోయి వదిలేసినవి కావు, అమ్మిన రోజు కూడా తాళం తిప్పగానే స్టార్ట్ అయ్యాయి. స్థలంలో పని మారింది, నడిపే మనిషి ఒళ్లు మారింది, అందుకే బండీ మారింది. ఈ సంగతి మొదట్లోనే ఎవరైనా చెప్పుంటే కనీసం మొదటి ట్రాక్టర్ విషయంలో తొందరపడేవాణ్ణి కాదు. మీరు ఇప్పుడు ఆ దశలో ఉంటే, లేదా ఉన్న ట్రాక్టర్ సరిపోవడం లేదని అనిపిస్తుంటే, కింద చెప్పినట్టు ఒక్కో పని చేసుకుంటూ వెళ్లండి.

1. షోరూమ్‌కి వెళ్లే ముందు ఒక నోటుబుక్కు తీసుకోండి

రాబోయే 5 ఏళ్లలో మీ స్థలంలో ట్రాక్టర్ చేయాల్సిన పనులన్నీ రాయండి. గడ్డి కోయడం, కంకర సర్దడం, మట్టి మోయడం, తోటలో దున్నడం, కొమ్మలు లాగడం, గుంతలు తవ్వడం, ఏది గుర్తొస్తే అది. ఒక్కో పని పక్కన అది ప్రతి వారం వచ్చేదా, ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చేదా, ఒక్కసారితో అయిపోయేదా అని రాయండి. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు, కానీ ఈ ఒక్క కాగితం మీ నిర్ణయాన్ని సగానికి సగం తేల్చేస్తుంది.

ఎందుకంటే కొత్తగా స్థలంలోకి వచ్చిన వాళ్ల కళ్లకు కనిపించేవన్నీ ఒక్కసారి పనులే. చెట్ల మొదళ్లు తీయాలి, గేటు నుంచి ఇంటి దాకా దారి వేయాలి, ఎత్తుపల్లాలు సరిచేయాలి. ఆ పనులు చూసి నేను 45 హార్స్‌పవర్ పాత ట్రాక్టర్ కొన్నాను. రెండేళ్లలో ఆ పనులన్నీ అయిపోయాయి. ఆ తర్వాత మిగిలింది వారం వారం గడ్డి కోయడం, చిన్న చెట్ల మధ్య తిరగడం. ఆ బండి బరువుకి తడి నేల మీద చక్రాల గాడులు పడేవి, రెండు చెట్ల వరసల మధ్య ఒక్కసారికి తిరిగేది కాదు, ముందుకీ వెనక్కీ మూడు నాలుగు సార్లు తీయాల్సి వచ్చేది. ఒక్కసారితో అయిపోయే పెద్ద పనులకి యంత్రాన్ని మనిషితో సహా అద్దెకు పిలిపించండి. మీరు కొనేది వారం వారం వచ్చే పనికి సరిపోవాలి, ఏడాదికి రెండు సార్లు వచ్చే పనిని కాస్త కష్టంగానైనా చేయగలగాలి. అంత చాలు.

2. టేపు పట్టుకుని స్థలం అంతా నడవండి

కొలవాల్సినవి కొన్నే. అన్నిటికన్నా ఇరుకైన గేటు వెడల్పు, చెట్ల మధ్య దూరం, షెడ్డు తలుపు ఎత్తు. ఈ మూడోది చాలామంది మర్చిపోతారు. బండి బోల్తా పడితే నడిపే మనిషిని కాపాడడానికి సీటు వెనక నిలబడి ఉండే ఇనుప చట్రం, దాన్నే రోప్స్ అంటారు, తలుపు కన్నా ఎత్తుంటే రోజూ మడిచి లోపల పెట్టాల్సి వస్తుంది. కొన్నాళ్లకు విసుగొచ్చి మడిచింది మడిచినట్టే ఉంచేస్తారు, అది ఎంత ప్రమాదమో కింద చెబుతాను.

తర్వాత వాలు. దీనికి పెద్ద పరికరాలేం వద్దు. ఒక మీటరు పొడవున్న చెక్క, ఒక స్పిరిట్ లెవల్ చాలు. చెక్క ఒక కొస వాలు పైభాగాన నేలకి ఆనించి, రెండో కొసని లెవల్ కుదిరేదాకా పైకి లేపండి. ఆ కొస కింద నేలకి ఎన్ని సెంటీమీటర్లుందో కొలవండి. 27 సెంటీమీటర్లొస్తే అది సుమారు 15 డిగ్రీల వాలు. కూర్చుని నడిపే చిన్న గడ్డి బండ్ల మాన్యువల్స్‌లో చాలావాటిలో 15 డిగ్రీలే హద్దు, కొన్నింటిలో 10 డిగ్రీలే. మీ స్థలంలో అంతకన్నా నిటారుగా ఉన్న చోటు ఉంటే ఆ ముక్కని కాగితం మీద గుర్తు పెట్టి, అక్కడికి ట్రాక్టర్ వెళ్లదని ఇప్పుడే నిర్ణయించుకోండి. అక్కడ గడ్డి బదులు పొదలో చెట్లో పెంచుకోవచ్చు.

వాన పడ్డాక రెండో రోజు ఇంకోసారి నడవండి. కాలు దిగబడే చోట్లు ఎక్కడున్నాయో చూడండి. బరువు ఎక్కువున్న బండి బలంగా లాగుతుంది, కానీ ఆ బరువుకే నేల గట్టిపడి నీళ్లు ఇంకవు. చెట్ల వేర్లకి అది మంచిది కాదు. తడి ఎక్కువుండే స్థలానికి తేలిక బండి, వెడల్పు టైర్లు అని రాసుకోండి.

3. గడ్డి లెక్క వేయండి

ఇది చిన్న లెక్కే కానీ చాలా వాదనలకి ముగింపు పలుకుతుంది. కోసే వెడల్పు ఒక మీటరు అనుకోండి, గంటకి 5 కిలోమీటర్ల వేగం అనుకోండి. అంటే గంటకి 5,000 చదరపు మీటర్లు. మలుపులకీ, ఒక వరస మీద ఇంకో వరస కొంచెం పడేలా కోయడానికీ ఐదో వంతు తీసేస్తే 4,000 మిగులుతుంది. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి మీటరు వెడల్పు బండి గంటకి దాదాపు ఎకరం కోస్తుంది. చెట్లు, పూలమడులు, మూలలు ఎక్కువుంటే ఇంకాస్త తక్కువ.

మీకు కోయాల్సిన గడ్డి అర ఎకరమే అయితే పెద్ద ట్రాక్టర్ మాటే వద్దు, కూర్చుని నడిపే గడ్డి బండి హాయిగా సరిపోతుంది. రెండు ఎకరాలైతే మీటరు వెడల్పుతో వారానికి రెండు గంటలు. ఆ రెండు గంటలు మీకు కష్టమా, ఇష్టమా అన్నది మీరే చెప్పాలి. నాకైతే మొదటి పదేళ్లు ఇష్టంగానే ఉండేది.

4. స్థలం వయసుని బట్టి బండిని ఆలోచించండి

మొదటి రెండు మూడేళ్లు కట్టుకునే కాలం. మట్టి, కంకర, కట్టెలు, కంచె స్తంభాలు. ఈ కాలంలో ట్రాక్టర్‌కి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ముందు బకెట్, అంటే లోడర్. దీన్ని తర్వాత బిగించుకుందాంలే అనుకుంటారు, కానీ కొన్ని మోడల్స్‌కి తర్వాత బిగించడానికి బ్రాకెట్లు, హైడ్రాలిక్ పైపులు, వాల్వు అన్నీ వేరుగా కొనాల్సి వస్తుంది, కొన్నింటికి అసలు దొరకవు. కాబట్టి లోడర్ కావాలా వద్దా అన్నది కొనేటప్పుడే తేల్చండి.

నాలుగో ఏడు నుంచి చూసుకునే కాలం మొదలవుతుంది, ఇదే అన్నిటికన్నా పొడుగైంది. గడ్డి, దారి మీద కంకర మళ్లీ సర్దడం, పడిపోయిన కొమ్మలు, తోటకి ఎరువు మోయడం. నా రెండో ట్రాక్టర్ ఈ కాలానిదే, 26 హార్స్‌పవర్, ఫోర్ వీల్ డ్రైవ్, లోడర్‌తో. 11 ఏళ్లు చేసింది. కొత్తలో నేను నాటిన చెట్లు ఈలోగా పెరిగి కొమ్మలు కిందికి వంగాయి, రోప్స్‌కి తగిలేవి. స్థలం వయసు పెరుగుతుందంటే ఇదే. మొక్క నాటే రోజున ట్రాక్టర్ ఎత్తు, వెడల్పు గుర్తుపెట్టుకుని దూరం వదలండి. రెండు వరసల మధ్య ట్రాక్టర్ వెడల్పుకి తోడు పెరిగిన కొమ్మలకి చోటు ఉండాలి.

ఆ తర్వాతది తగ్గించుకునే కాలం. పిల్లలు వెళ్లిపోయాక కూరగాయల మడి సగమైంది, ఆటస్థలం కోసం కోసే గడ్డి అక్కర్లేకుండా పోయింది. మొదటి ఏడాది మా బండి గంటల మీటరు 140 గంటలు తిరిగింది, ఇప్పుడు ఏడాదికి 50 దాటదు. ఇక్కడ పెద్ద బండి అవసరం లేదు, తేలిగ్గా ఎక్కి దిగే బండి అవసరం.

5. కాగితం మీద హార్స్‌పవర్ ఒక్కటే చూడకండి

అమ్మేవాళ్లు ముందు చెప్పే అంకె ఇంజిన్ హార్స్‌పవర్. మీ పనిముట్టుని తిప్పేది మాత్రం వెనక షాఫ్ట్ దగ్గరికొచ్చే శక్తి, దాన్ని పీటీఓ హార్స్‌పవర్ అంటారు. ఇది ఇంజిన్ అంకె కన్నా మామూలుగా 10 నుంచి 20 శాతం తక్కువుంటుంది, హైడ్రోస్టాటిక్ బండ్లలో, అంటే గేర్లు మార్చకుండా పెడల్‌తోనే ముందుకీ వెనక్కీ నడిపేవాటిలో, గేరు బండ్ల కన్నా ఇంకాస్త తక్కువ. ఎత్తు గడ్డి, పొదలు కోసే స్లాషర్‌కి అడుగు వెడల్పుకి సుమారు 5 పీటీఓ హార్స్‌పవర్ అని ఒక మోటు లెక్క. నాలుగడుగుల స్లాషర్‌కి 20, ఐదడుగులదానికి 25. రోటవేటర్‌కి నేల గట్టిదనాన్ని బట్టి ఇంతకన్నా ఎక్కువే కావచ్చు.

రెండోది, వెనక లిఫ్ట్ ఎంత ఎత్తగలదు. ఒకే ట్రాక్టర్‌కి రెండు అంకెలు ఉంటాయి, ఒకటి పనిముట్టుని పట్టుకునే వెనక ఇనుప చేతుల, అంటే లింకుల, కొస దగ్గర, ఇంకోటి కొస నుంచి 24 అంగుళాలు వెనక. రెండోదే అసలు పనికి దగ్గరగా ఉండే అంకె, ఎందుకంటే పనిముట్టు బరువంతా కొస దగ్గరే ఉండదు కదా, వెనక్కి సాగి ఉంటుంది. ఇద్దరు అమ్మకందార్లు చెప్పే అంకెలు పోల్చేటప్పుడు ఏ చోట కొలిచిందో అడగండి. లోడర్‌కీ ఇదే మాట. బకెట్ బిగించే పిన్ను దగ్గర ఎత్తగలదని చెప్పిన బరువులోంచి బకెట్ బరువు పోతే మిగిలింది మట్టికి. తడి మట్టి ఘనమీటరుకి టన్నున్నర నుంచి రెండు టన్నులు తూగుతుంది, కాబట్టి చిన్న బకెట్ నిండినా రెండు మూడు వందల కిలోలు సులువుగా దాటేస్తుంది.

టైర్లు ఇంకో సంగతి. లోతు గాడులున్న వ్యవసాయ టైరు బురదలో పట్టు బాగా ఇస్తుంది, పచ్చికని మాత్రం చీల్చేస్తుంది. నున్నటి టర్ఫ్ టైరు పచ్చికకి మంచిది, బురదలో జారుతుంది. మధ్యలో ఇండస్ట్రియల్ టైరుంది, లోడర్ పని ఎక్కువున్న వాళ్లకి అది. దశ మారితే బండిని మార్చకుండా టైర్లు మారిస్తే సరిపోయే సందర్భాలు ఉంటాయి, ముందు అది ఆలోచించండి. కానీ ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు చక్రాలు, వెనక చక్రాల సైజులకి లోపల గేర్లతో ఒక లెక్క ఉంటుంది, ముందువి మాత్రమే వేరే సైజు వేస్తే ఆ లెక్క తప్పి గేర్ల మీద భారం పడుతుంది. నాలుగూ ఒక జతగా, కంపెనీ చెప్పిన సైజుల్లోనే మార్చండి. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ తీసేసి నడపమనేదీ ఈ కారణంగానే. వాలు దిగేటప్పుడు మాత్రం వేరే మాట, అది లోడర్ దగ్గర చెబుతాను.

6. పనిముట్లు బండి కన్నా ఎక్కువ కాలం ఉంటాయి, వాటిని బట్టి కొనండి

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. మూడు ట్రాక్టర్లు మారినా లెవలింగ్ బ్లేడు ఒక్కటే. వెనకున్న మూడు లింకుల అమరిక 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌తో జనంలోకి వచ్చింది, దాన్ని రూపొందించిన మనిషి హ్యారీ ఫెర్గూసన్. మూలంలో ఆ అమరికే ఇవాళ్టికీ నడుస్తోంది, అందుకే ఎప్పటివో పాత పనిముట్లు కొత్త బండ్లకి తగులుతాయి. చూసుకోవాల్సింది సైజు ఒక్కటే. చిన్న, మధ్య రకం ట్రాక్టర్లకి కేటగిరీ 1 అనే సైజుంటుంది, కింది పిన్నులు 22 మిల్లీమీటర్లు, పైది 19. పెద్దవాటికి కేటగిరీ 2, కింది పిన్నులు 28, పైది 25. మరీ చిన్న గడ్డి బండ్లకి కేటగిరీ 0 వస్తుంది, వాటి పనిముట్లు వేరేచోట పనికిరావు. మీరు కేటగిరీ 1 ట్రాక్టర్, కేటగిరీ 1 పనిముట్లు తీసుకుంటే ముందు ముందు చిన్న బండికి దిగినా పనిముట్లు చాలావరకు మీతో వస్తాయి. పెద్ద బండికి వెళ్తే పిన్నులకి బుష్‌లు తొడిగి సర్దుకోవచ్చు. లావు పిన్ను సన్న రంధ్రంలోకి మాత్రం ఎలాగూ వెళ్లదు.

బండి మార్చినప్పుడు పీటీఓ షాఫ్ట్ పొడవు మళ్లీ కొలవాలి. షాఫ్ట్ అంటే ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు. కొత్త బండి వెనక భాగం రెండంగుళాలు ఎక్కువున్నా, పనిముట్టుని పైకెత్తే చోట గొట్టాలు పూర్తిగా దగ్గరికొచ్చి ఢీకొట్టుకుంటాయి, దెబ్బ నేరుగా గేర్‌బాక్స్‌లకి వెళ్తుంది. ఇంజిన్ ఆపి, లిఫ్ట్‌ని పైనుంచి కింది దాకా నెమ్మదిగా కదిపి చూడండి. అన్నిటికన్నా దగ్గరైన చోట కూడా కొన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, అన్నిటికన్నా దూరమైన చోట మూడో వంతైనా ఒకదానిలో ఒకటి ఉండాలి. పొడవెక్కువైతే రెండు గొట్టాలనీ, వాటి మీది ప్లాస్టిక్ తొడుగులనీ సమానంగా కోయించి, అంచులు రాపిడి చేసి, గ్రీజు పెట్టించండి. తొడుగు లేకుండా మాత్రం ఒక్క రోజు కూడా తిప్పొద్దు. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకి 9. చీర కొంగైనా, చొక్కా అంచైనా చిక్కితే వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు.

7. లోడర్ ఉంటే వెనక బరువు తప్పనిసరి

రెండో ట్రాక్టర్ కొన్న తొలి వర్షాకాలం. దారి కొట్టుకుపోయిందని తడి కంకర బకెట్ నిండా ఎత్తి, వెనక ఏమీ తగిలించకుండా, చిన్న వాలు మీద కిందికి దిగుతున్నాను. టూ వీల్‌లో ఉన్నాను. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది, బండి వెనక భాగం తేలికగా లేస్తున్నట్టు అనిపించింది, బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ఆగాయి కానీ బండి ఆగలేదు, జారుతూనే ఉంది. బకెట్ నేలకి దించేశాను, అది దున్నుకుంటూ వెళ్లి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు జరిగింది ఇదీ. చాలా చిన్న ట్రాక్టర్లలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ముందు బకెట్‌లో బరువు పెడితే ముందు ఇరుసు తూగుడుబల్ల నడిమి ఆనుడులా మారి వెనక చక్రాలు తేలికవుతాయి, తేలికైన చక్రానికి పట్టు ఉండదు, పట్టు లేని చక్రానికి బ్రేకు ఉన్నా లేనట్టే. ఫోర్ వీల్‌లో ఉంటే ముందు చక్రాలు కూడా గేర్ల ద్వారా వెనకవాటితో ముడిపడి ఉంటాయి కాబట్టి అవీ ఆపడానికి సాయపడతాయి. కాబట్టి బకెట్ పని చేసేటప్పుడు వెనక బరువైన పనిముట్టో, సిమెంటు పోసిన డబ్బానో తగిలించండి. వెనక టైర్లలో నీళ్లు నింపడం కూడా మంచి పద్ధతి, వాల్వు ఎత్తు దాకా అంటే సుమారు 75 శాతం నింపుతారు, గడ్డకట్టే చలి ఉండే చోట గడ్డకట్టని ద్రవం వాడతారు. వాలు దిగేముందే ఫోర్ వీల్ వేయండి, తక్కువ గేరులో దిగండి, బకెట్‌ని మోకాలి కన్నా కిందే ఉంచి నడపండి. బకెట్ పైకెత్తుకుని అడ్డంగా వాలు మీద తిరగడం అనేది అసలు చేయకూడని పని.

రోప్స్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. చట్రం నిలబెట్టి ఉంటే సీటు బెల్టు తప్పకుండా పెట్టుకోవాలి, రెండూ కలిసే పనిచేస్తాయి, బోల్తా పడ్డా మిమ్మల్ని ఆ చట్రం నీడలోనే ఉంచుతాయి. చట్రం మడిచి ఉంటే బోల్తా పడ్డప్పుడు కాపాడేది ఏమీ ఉండదు, బెల్టు మిమ్మల్ని బండి కిందే ఇరికిస్తుంది, అందుకే అప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు. తలుపు దాటడానికో, కొమ్మ కింద దూరడానికో మడిస్తే దాటిన వెంటనే లేపండి. ఇంకో మాట, మొద్దునో ఇరుక్కున్న బండినో లాగేటప్పుడు గొలుసుని వెనక కింద ఉన్న లాగుడు కడ్డీకే, అంటే డ్రాబార్‌కే కట్టాలి. మూడు లింకుల్లో పైనుండే టాప్ లింకుకో ఇరుసుకో కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది, అది ఒక్క సెకనులో అయిపోతుంది, క్లచ్ తొక్కేలోపే.

8. మీ ఒంటిని కూడా లెక్కలోకి తీసుకోండి

ఇది చాలామంది పక్కన పెట్టేస్తారు. నేనూ పెట్టాను. గేరు ట్రాక్టర్‌తో లోడర్ పని అంటే గంటకి వందసార్లు క్లచ్ తొక్కాలి, ముందుకి, వెనక్కి, ముందుకి, వెనక్కి. నలభైల్లో అది ఏమీ అనిపించలేదు. 14వ ఏడు దాటేసరికి ఎడమ మోకాలు సాయంత్రానికి వాచేది, ఇంట్లో మా ఆవిడ వేడినీళ్ల గుడ్డ పెడుతూ ఇంకెన్నాళ్లు అని అడిగేది. ఆ ప్రశ్నే మూడో బండిని తెచ్చింది. హైడ్రోస్టాటిక్‌లో కాలితో పెడల్ నొక్కితే ముందుకి, ఇంకోవైపు నొక్కితే వెనక్కి. క్లచ్ పని దాదాపు ఉండదు. గడ్డి కోయడానికీ, బకెట్ పనికీ ఇదే సుఖం. ఎక్కువసేపు ఒకే వేగంతో దున్నే పనికి గేరు బండే బాగుంటుంది, డీజిల్ కూడా కాస్త తక్కువ తాగుతుంది.

టెస్ట్ డ్రైవ్ అంటే ఒక చుట్టు తిప్పి రావడం కాదు. బండి పక్కన నిలబడి పదిసార్లు ఎక్కి దిగండి. మెట్టు ఎత్తు మోకాలికి ఎలా ఉంది, చేతికి పట్టుకోవడానికి ఏముంది, సీటులో కూర్చుని మెడ వెనక్కి తిప్పితే పనిముట్టు కనిపిస్తోందా. తర్వాత మీరు వాడే ఒక పనిముట్టుని మీరే స్వయంగా తగిలించి చూడండి, అమ్మేవాళ్లని చేయనివ్వకండి.

తగిలించే వరస ఇలా. సమతలంగా ఉన్న చోట పనిముట్టుకి ఎదురుగా నెమ్మదిగా వెనక్కి రండి, ఎవరినీ మధ్యలో నిలబడనివ్వకండి. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి దిగండి. ముందు ఎడమ కింది లింకు, ఎందుకంటే చాలా బండ్లలో దాని ఎత్తు మారదు. పిన్నుకి ఎక్కించి, జారిపోకుండా ఆపే చిన్న లించ్‌పిన్ పెట్టండి. తర్వాత కుడిది. దాని ఎత్తు పైకీ కిందికీ మార్చడానికి తిప్పే పిడి ఉంటుంది, అరంగుళం తేడా వస్తే బరువుని కాలితో తోయకుండా ఆ పిడితో సర్దండి. ఆ తర్వాత పైనున్న టాప్ లింకు, గొట్టాన్ని తిప్పి పొడవు కుదర్చండి. ఆఖర్న పీటీఓ షాఫ్ట్. షాఫ్ట్ కొస మీద జారే కాలర్‌ని వెనక్కి లాగి, పళ్లు కలిసేలా తోసి వదిలితే టక్కుమని పడుతుంది. పడిందనుకుని వదిలేయకండి, రెండు చేతులతో వెనక్కి లాగి చూడండి. తీసేటప్పుడు పనిముట్టుని నేల మీదికి దించి, ఇదే వరసని తలకిందులుగా చేయాలి. ఈ పనంతా నడుము పట్టేయకుండా మీ అంతట మీరు చేయగలిగారంటే ఆ బండి మీకు ఇంకో పదేళ్లు సరిపోతుంది. చేయలేకపోతే క్విక్ హిచ్ అనే చట్రం దొరుకుతుంది, అది ఉంటే సీటు మీద నుంచి వెనక్కి వచ్చి కొక్కేలు తగిలించేయొచ్చు, పీటీఓకి మాత్రం దిగాల్సిందే. కాకపోతే పనిముట్టు కొన్ని అంగుళాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి షాఫ్ట్ పొడవు, ఎత్తగలిగే బరువు మళ్లీ చూసుకోవాలి.

ఇంట్లో ఇంకొకరు నడిపే రోజు వస్తుంది. పిల్లలు పెద్దయ్యాక మా అమ్మాయి నేర్చుకుంది. ఆపడం ఎలాగో మొదట నేర్పాను, నడపడం తర్వాత. సీటు ముందుకీ వెనక్కీ సరిగ్గా జరుగుతుందా, పొట్టి మనిషికి కూడా పెడల్ పూర్తిగా అందుతుందా అన్నది కొనే ముందే చూడండి. నడిపేవాళ్ల ఒళ్లో పిల్లల్ని కూర్చోబెట్టి తిప్పడం ఎంత ముద్దుగా అనిపించినా చేయొద్దు, ఒక కుదుపుకి జారితే కింద చక్రమే ఉంటుంది.

9. తక్కువ గంటలు తిరిగే బండికి వేరే జాగ్రత్తలు

ఏడాదికి 50 గంటలు తిరిగే బండి గంటలతో కాదు, ఏళ్లతో అరుగుతుంది. మీటరు కదల్లేదు కదా అని ఆయిల్ మార్చకుండా ఉండొద్దు. కొత్త బండికి మొదటి ఆయిల్ మార్పు చాలావాటిలో 50 గంటల దగ్గరుంటుంది, ఆ తర్వాత మాన్యువల్ గంటలు చెప్పినా ఏడాదికి ఒకసారైనా మార్చండి. లోడర్ పిన్నులకి, ముందు ఇరుసుకి 10 గంటల పనికోసారి గ్రీజు కొట్టండి. గడ్డి కోసిన రోజు రేడియేటర్ ముందున్న జాలీ తీసి దులపండి, గడ్డి గింజలు అక్కడే పేరుకుని ఇంజిన్ వేడెక్కుతుంది. చాలా రోజులు ఆపేటప్పుడు డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీగా ఉంటే లోపల తేమ చేరి నీళ్లవుతుంది. స్టార్ట్ చేసి రెండు నిమిషాలకే ఆపేయడం మేలు కాదు, పూర్తిగా వేడెక్కేదాకా అరగంట పని చేయించండి. ఎలుకలు ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు కట్టడం మా షెడ్డులో మూడుసార్లు జరిగింది. స్టార్ట్ చేసే ముందు మూత తీసి చూడటం ఇప్పుడు అలవాటైపోయింది.

ఇవన్నీ ఏ తేదీన చేశారో, అప్పుడు మీటరు ఎంతుందో మొదట్లో తీసిన ఆ నోటుబుక్కులోనే రాయండి.

10. మార్చాల్సిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది

ఏడాదికోసారి ఆ నోటుబుక్కు తెరిచి పనుల కాగితం మళ్లీ రాయండి. పాతదాని పక్కన పెట్టి చూడండి. కొట్టేసిన పనులు ఎన్ని, కొత్తగా చేరినవి ఎన్ని. వరసగా రెండేళ్లు ఒకే పనిని ఈ బండితో చేయలేకపోతున్నారా, లేదా ఈ బండి పెద్దదైపోయి చిన్న పనికి కూడా బయటికి తీయడం మానేశారా, ఈ రెండింటిలో ఏది జరిగినా మార్పు గురించి ఆలోచించండి. ఒక్క ఏడాది ఇబ్బందికి మార్చకండి, ఆ ఏడాదికి అద్దె యంత్రం చాలు.

వాడిన బండి కొంటుంటే చల్లారి ఉన్న ఇంజిన్‌ని మీ ముందే స్టార్ట్ చేయించండి, ముందే వేడి చేసి పెడితే స్టార్టింగ్ కష్టం దాగిపోతుంది. మీటరులో గంటలు మరీ తక్కువున్న పాత బండిని చూసి సంబరపడొద్దు. టైర్ల పక్కగోడల మీద పగుళ్లు, సీళ్ల దగ్గర ఆయిల్ చెమ్మ, పెడల్ రబ్బరు అరుగుదల చూడండి. మీటరు 300 గంటలు చూపించి పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయిందంటే రెండిట్లో ఒకటి అబద్ధం. లోడర్‌ని పైకెత్తి ఇంజిన్ ఆపి, ఎవరూ దాని కిందికి వెళ్లకుండా, పది నిమిషాలు చూడండి. కొంచెం దిగడం సహజమే, కళ్లముందే దిగిపోతుంటే సిలిండర్ సీళ్లో వాల్వో అరిగినట్టు.

కొత్తది వచ్చాక పాతదాన్ని మర్నాడే పంపేయకండి. వీలైతే నెల రోజులు రెండూ ఉంచుకుని మీ కాగితంలోని కష్టమైన పనుల్ని కొత్తదానితో చేయండి, ఏదైనా కుదరకపోతే అప్పుడే తెలుస్తుంది. పాతది అమ్మేటప్పుడు మాన్యువల్, వాడని ఫిల్టర్లు, రెండో తాళం, ఇన్నేళ్ల సర్వీసు పేజీలు అన్నీ కలిపి ఇవ్వండి. మా 26 హార్స్‌పవర్ బండిని కొన్నాయన సీటులో కూర్చుని, స్టార్ట్ చేయకముందే ఆ పేజీలన్నీ తిరగేశాడు. ఆరో ఏడు దగ్గర ఆగి, ఈ ఏడు గ్రీజు నాలుగుసార్లే కొట్టారేంటి అని అడిగాడు. ఆ ఏడు నాకు చేయి విరిగిందని చెప్పాను, తలూపి తాళం తిప్పాడు.